రెండో కుదుపు

ఏడాదికి రెండు పేటెంట్లు. ఆ వాషింగ్ మిషన్ల కంపెనీలో ఇంజనీరన్న ప్రతివాడూ ఏడాదికి రెండు కొత్త సంగతులు కనిపెట్టి తీరాలి. కోళ్ళఫారంలో గుడ్ల లెక్క కూడా ఇంత కచ్చితంగా ఉండదు. కోడి గుడ్డు పెట్టకపోతే దాణా మార్చి చూస్తారు. ఇక్కడ అలాంటి దయాదాక్షిణ్యాలేమీ లేవు. గోడకి పెద్ద పట్టిక వేలాడదీసి, పెట్టనివాడి పేరుకి ఎదురుగా ఎర్రచుక్క పెడతారు. ఆ చుక్కలు పెట్టే మేనేజరుని చాటుగా అందరూ చుక్కలాయన అంటారు. ఆయన జన్మలో ఏమైనా కనిపెట్టాడంటే అది ఆ పట్టికే.

పట్టిక సరిగ్గా మన అల్లుడి కుర్చీకి ఎదురుగా ఉంటుంది. అతను ఆఫీసులో డిజైన్ విభాగంలో ఇంజనీరు, ఇంట్లో అత్తగారికి ఏకైక అల్లుడు. ఈ కథకు సంబంధించినంతవరకు రెండో హోదాయే ముఖ్యం. సీనియర్ ఇంజనీరు పదవి మూడేళ్ళుగా అతన్ని ఊరిస్తోంది. మొదటి ఏడు ఖాళీ లేదన్నారు. రెండో ఏడు ఖాళీ ఉంది కానీ నువ్వు లేవన్నారు. ఈ ఏడు చుక్కలాయన సూటిగానే చెప్పేశాడు.

"రెండు చూపించు, సీనియర్ అనిపించుకో. నీ దగ్గర ఒకటే ఉంది. ఒకటికి ఏమీ రాదు."

ఆ ఉన్న ఒక్కటీ ఎలాంటిదని? మిషను తలుపు పిడిని నాలుగు డిగ్రీలు వంచినందుకు వచ్చిన పేటెంటు. దాన్ని కనిపెట్టినవాళ్ళు పదకొండుమంది. నాలుగు డిగ్రీలని పదకొండుమంది ఎలా పంచుకున్నారని అడక్కండి, తిలాపాపం తలా పిడికెడు. అందులో మొదటి పేరు చుక్కలాయనది. ఆ వంచే రోజున ఆయన చేసిందల్లా గదిలో ఏసీ తగ్గించమనడం.

రెండో దానికోసం అల్లుడు పదకొండు నెలలు తన్నుకున్నాడు. ఏది రాసి పంపినా కంపెనీ పేటెంట్ లాయరమ్మ వెతికి, ఇది ఎప్పుడో ముప్పై ఏళ్ళ కిందటే ఎవరో రాశారని తిప్పికొట్టేది. సబ్బు నురగ కొలిచే పద్ధతి, పాతదే. తడి తగలని బటన్లు, పాతవే. లోకంలో ఇంతమంది ముందే పుట్టి అన్నీ కనిపెట్టేసి పోతే తర్వాత వచ్చినవాళ్ళు ఏం చెయ్యాలని అతనికి నిజంగానే కోపం వచ్చేది.

ఇంట్లో పరిస్థితి వేరు. అక్కడ అత్తగారు ఉన్నారు. ముప్పైఒక్క ఏళ్ళు ఒక వైండింగ్ షాపులో మోటార్లు చుట్టిన మనిషి. కాలిపోయిన మోటారులోంచి నల్లబడ్డ రాగితీగ పీకి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి, మళ్ళీ తిప్పి చూపించడం ఆవిడ పని. రెండేళ్ళ కిందట ఓనరు పోయాక ఆయన కొడుకులు ఆ షాపులో ఫోన్ కవర్లు అమ్మడం మొదలుపెట్టారు. దాంతో ఆవిడ పనిముట్ల పెట్టె పట్టుకుని కూతురింటికి వచ్చేశారు. వచ్చిన నెలలోపే ఇంట్లో ఫ్యాన్లు, మిక్సీ, నీళ్ళ పంపు అన్నీ ఆవిడ చేతికింద ఒకసారి ఊడి, మళ్ళీ బిగిసి, మునుపటికన్నా బుద్ధిగా తిరగడం మొదలుపెట్టాయి.

బుద్ధి రానిది వాషింగ్ మిషనొక్కటే. అది అల్లుడి కంపెనీదే. బట్టలు ఉతికేంతవరకు బాగానే ఉండేది, నీళ్ళు పిండడానికి జోరుగా తిరిగేటప్పుడే దానికి పూనకం వచ్చేది. పెరటి గోడ దగ్గర మొదలుపెట్టి ధడధడమని గుమ్మం దాకా నడిచి వచ్చేసేది. బట్టలు వెయ్యడం ఆ ఇంట్లో అల్లుడి వంతు. దుప్పటి, జీన్స్, తువ్వాళ్ళు అన్నీ ఒక్క గుక్కలో కుక్కేవాడు. అవి లోపల ఒకవైపు ముద్దగా చేరి డ్రమ్మంతటినీ అటూ ఇటూ ఈడ్చేవి. మిషను మూడుసార్లు ఆగి, మూడుసార్లు ప్రయత్నించి, చివరికి 'బట్టలు సరిగా వెయ్యలేదు' అని చూపించి ఊరుకునేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఆ వాక్యం ఆఫీసులో రాసినవాడు అల్లుడే కాబట్టి ఎవరినీ తిట్టుకోవడానికి కూడా వీల్లేదు.

ఒక ఆదివారం మొగుడూ పెళ్ళాలు సినిమాకి వెళ్ళొచ్చేసరికి మిషను వెనక రేకు ఊడి గోడకి ఆనించి ఉంది. లోపలినుంచి రెండు తీగలు బయటికి వచ్చాయి. వాటి చివర గుమ్మానికి పెట్టే కాలింగ్‌బెల్ స్విచ్ వేలాడుతోంది.

"అత్తయ్యగారూ! వారంటీ పోతుందండీ!" అన్నాడు అల్లుడు.

"వారంటీ ఉన్నన్నాళ్ళూ నడిచి వీధిలోకి పోతూనే ఉంది కదండీ. అందుకే పోనిచ్చి నిలబెట్టాను," అన్నారు అత్తగారు. "ఇలా రండి, చెయ్యి ఇక్కడ పెట్టండి."

అల్లుడు మిషను పక్కన రేకు మీద అరచెయ్యి ఆనించాడు. లోపల డ్రమ్ము మెల్లగా తిరుగుతోంది.

"ముద్ద పైకెక్కేటప్పుడు మోటారు మూలుగుతుంది. తెలుస్తోందా? దిగేటప్పుడు ఊపిరి పీల్చుకుంటుంది. మీటరు తగిలిస్తే ముల్లు కూడా అలాగే ఆడుతుంది. ఇప్పుడు చూడండి. సరిగ్గా ముద్ద నెత్తిమీదికి వచ్చినప్పుడు వెనక్కి ఒక కుదుపు. పావు చుట్టు ఆగి ఇంకొక్కటి."

స్విచ్ టక్కుమంది. క్షణమాగి మళ్ళీ టక్కుమంది. లోపల ఏదో ధబ్బున పడి విడిపోయిన చప్పుడైంది. ఆపైన మిషను పూర్తి వేగం అందుకుంది. దానిమీద అత్తగారు పెట్టుకున్న టీ గ్లాసు పెట్టినచోటే ఉంది. అల్లుడు ఆ గ్లాసునే చూస్తూ నిలబడ్డాడు. ఆరుగురు ఇంజనీర్లు రెండేళ్ళు కూర్చుని చెయ్యలేని పని కాలింగ్‌బెల్ స్విచ్ చేసింది.

సోమవారం ఆఫీసుకి వెళ్ళే బస్సులోనే ఫోన్లో రాయడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి ఫారం తయారైంది. కనిపెట్టినవారు: ఒకరు. ఆ ఒకరు తనే. అప్పటికప్పుడు తనకి తాను నచ్చజెప్పుకున్నాడు కూడా. ఆవిడ చేత్తో నొక్కారు, నేను దాన్ని కంప్యూటరు చేత నొక్కిస్తున్నాను, అది వేరు, ఇది వేరు. ఇలాంటి తర్కం మనిషికి అవసరమైనప్పుడు ఎక్కడినుంచి ఊడిపడుతుందో తెలీదు.

నాలుగు రోజులకి లాయరమ్మ ఫోన్ చేసింది. "వెతికానండీ. ఇది కొత్తదే," అంది. ఈ పదకొండు నెలల్లో ఆవిడ నోటినుంచి అతను ఆ మాట వినడం అదే మొదలు. పట్టరాని సంతోషం వేసింది. సంతోషం సరిగ్గా అరనిమిషం నిలిచింది.

"అయితే ఒక్కటి. మోటారు కరెంటు చూసి ముద్ద ఎక్కడుందో పసిగట్టడం పాత సంగతే. దానిమీద బోలెడు పేటెంట్లున్నాయి. కంప్యూటరు చేత వెనక్కి తిప్పించడమూ పాతదే. కొత్తదల్లా ఈ రెండు కుదుపులూ, మధ్యలో పావు చుట్టూ. పావే ఎందుకు? సగం ఎందుకు కాదు? అసలు ఒక్క కుదుపు ఎందుకు చాలదు?"

"ప్రయోగాల్లో అలా తేలిందండీ."

"ఎన్ని ప్రయోగాలు?"

"చాలా."

"పట్టిక పంపండి."

పట్టిక ఎక్కడుంది? ఉన్నదల్లా ఒక చెయ్యి, ఆ చేతికి ముప్పైఒక్క ఏళ్ళు. అల్లుడు తేలుకుట్టిన దొంగలా ఇంటికొచ్చి, ఎన్నడూ లేనిది తనే టీ పెట్టి, కప్పు పట్టుకుని అత్తగారి దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ వంటింటి గట్టుమీద మిక్సీ విప్పుకుని కూర్చున్నారు.

"అత్తయ్యగారూ, ఊరికే అడుగుతున్నా. ఆ రెండో కుదుపు పావు చుట్టు ఆగాకే ఎందుకండీ?"

"ఊరికే అడిగేవాళ్ళు చేతిలో కాగితం, పెన్నూ పట్టుకురారండీ," అన్నారు ఆవిడ తల ఎత్తకుండా. "ఆ స్క్రూడ్రైవరిలా ఇవ్వండి. అది కాదు, చిన్నది."

ఆ సాయంత్రం జవాబు రాలేదు. మర్నాడు సగం వచ్చింది. తడిబట్ట డ్రమ్ముకి అతుక్కుని ఉంటుంది, మొదటి కుదుపు దాన్ని గోడనుంచి వదిలిస్తుందంతే, పడెయ్యదు. ఆ సగం లాయరమ్మకి చేరవేస్తే ఆవిడ ఇంకో మూడు ప్రశ్నలు పంపింది. బట్టలు సగమే ఉంటే? ఒకటే దుప్పటి ఉంటే? డ్రమ్ము పెద్దదైతే? అల్లుడికి అటునుంచి ప్రశ్నలు మోసుకురావడం, ఇటునుంచి జవాబులు మోసుకుపోవడమే ఉద్యోగమైపోయింది. లాయరమ్మని తిట్టుకున్నాడు, అత్తగారి నిదానాన్ని తిట్టుకున్నాడు. ఒకరికొకరు ఫోన్ చేసుకుంటే పది నిమిషాల్లో తేలే సంగతి అని ఒకసారి అనిపించింది, వెంటనే ఆ ఊహని తోసేశాడు.

బుధవారం ఇంటినుంచే పని. లాయరమ్మ ఫోన్ వచ్చినప్పుడు అల్లుడు స్పీకర్ పెట్టి, చేత్తో రాసుకుంటూ మాట్లాడుతున్నాడు. అత్తగారు పెరట్లో బట్టలు దులుపుతున్నారనుకున్నాడు.

"ఒక్కటే బరువైన దుప్పటి ఉందనుకోండి. రెండు కుదుపులకీ కదల్లేదు. అప్పుడు?"

"అప్పుడు..." అల్లుడు ఆలోచించాడు. ఆలోచించడానికి లోపల ఏమీ లేదు. "అప్పుడు మూడో కుదుపు ఇస్తాం మేడమ్."

"మూడేంటండీ! మతిగానీ పోయిందా!" పెరటి గుమ్మంలోంచి కేక వచ్చింది. "వరసగా మూడు కొడితే కాయిలు మాడి మసైపోతుంది! దుప్పటైతే ఆపేసి, కాసిని నీళ్ళు పట్టి, మళ్ళీ మొదటినుంచి రావాలి!"

 అల్లుడికి భూమి రెండుగా చీలితే బాగుండుననిపించింది.

"ఎవరండీ అది?" అంది లాయరమ్మ.

"మా... అత్తగారండీ."

"ఫోన్ ఆవిడకివ్వండి."

నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. అల్లుడు ఎదురుగా కూర్చుని ఒక్కవైపు మాటలు విన్నాడు. "పట్టేసిన పంపు మోటారుని ఒక్క దెబ్బకి లాగకూడదమ్మా. మొదటి దెబ్బ విడిపించడానికి, రెండోది తిప్పడానికి. మధ్యలో దానికి ఊపిరాడాలి... ఆఁ, ఎంతసేపంటే, చేతికి తెలుస్తుంది. తొందరపడితే మళ్ళీ అతుక్కుంటుంది, ఆలస్యమైతే కిందికి జారిపోతుంది... అవునమ్మా, అదే తడిబట్టకీ... లేదమ్మా, ఎవరూ చెప్పలేదు. ఎన్ని మాడ్చానో లెక్కే లేదు." వారంనుంచి అతను చెంచాతో తోడుకుంటున్నది లాయరమ్మ బిందెతో ముంచుకుంది.

ఫోన్ తిరిగి చేతికొచ్చాక లాయరమ్మ గొంతు మారింది. "రేపు మీరు సంతకం చెయ్యాల్సిన కాగితం ఒకటుందండీ. దీన్ని నిజంగా, మొట్టమొదట కనిపెట్టింది నేనే అని ప్రమాణం. అందులో పేరు తప్పయితే పేటెంటే కొట్టేస్తారు. పేటెంటు సంగతి అలా ఉంచండి, అది అబద్ధ ప్రమాణం. ఆలోచించుకోండి." పెట్టేసింది.

"ఈ మిషను గురించి లాయరుతో మాట్లాడాల్సినంత ఏముందండీ?" అని అడిగారు అత్తగారు, నిజంగానే తెలీక.

అల్లుడు నసిగాడు. జవాబు పక్కగదిలోంచి వచ్చింది. అతని భార్య బడిలో లెక్కల టీచరు. అప్పుడే ఇంటికొచ్చి, అతని బల్లమీదున్న ఫారం చూసింది. చంకలో పరీక్ష పేపర్ల కట్టతో, చేతిలో ఎర్రపెన్నుతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏముందంటావేంటమ్మా? సొమ్మొకడిది సోకొకడిది. నువ్వు చేసింది తను చేశానని రాసేసుకున్నారు. ఏమండీ, అవునా, కాదా?"

"నేను దాన్ని సాంకేతికంగా..."

"మా క్లాసులో పక్కవాడిది చూసి రాసిన ప్రతివాడూ అదే అంటాడండీ. చేతిరాత నాదే కదా టీచర్ అని."

అల్లుడికి చర్రుమని కోపం వచ్చింది. రాగానే చల్లారింది, ఎందుకంటే అది నిలబడడానికి చోటు లేదు. అత్తగారి వైపు తిరిగి మొత్తం చెప్పేశాడు. పట్టిక, చుక్క, సీనియర్ పదవి, బస్సులో రాసిన ఫారం. సిగ్గేసిందని కూడా చెప్పాడు.

ఆవిడ అంతా విని కళ్ళజోడు తుడుచుకున్నారు. "షాపులో నేను చుట్టిన మోటార్లన్నిటిమీదా షాపు పేరే వేసేవాళ్ళు. అలవాటేలెండి," అన్నారు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "ఒక్కమాట అడిగుంటే బాగుండేది," అన్నారు. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు. అంటే బాగుండుననిపించింది అతనికి.

మర్నాడు ఆఫీసులో చుక్కలాయనకి విన్నవించుకుంటే ఆయనకి సమస్యే కనపడలేదు.

"ఇద్దరి పేర్లూ పెట్టు! పదకొండు పట్టినచోట రెండు పట్టవా?"

లాయరమ్మ దానికీ ఒప్పుకోలేదు. పేరుండాలంటే ఆలోచనలో వాటా ఉండాలంది. ఉందో లేదో తనే తేల్చుకుంటానని నేరుగా అత్తగారికి ఫోన్ చేసింది. "మీ అల్లుడుగారు దీంట్లో ఏం చేశారమ్మా? బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి."

అత్తగారు అల్లుడికి మేలు చేద్దామనే చాలాసేపు ఆలోచించారు. "బట్టలు ఆయనే వేశారమ్మా," అన్నారు చివరికి. "అంత అడ్డదిడ్డంగా ఇంకెవరివల్లా కాదు."

అది వాటా కిందికి రాదని లాయరమ్మ తేల్చేసింది. ఇక కనిపెట్టినవారు ఒక్కరే, ఆవిడే. చుక్కలాయన నెత్తి కొట్టుకుని ఆఖరి బేరానికి వచ్చాడు. "సరే. మీ అత్తగారు హక్కులు కంపెనీకి రాసిచ్చేస్తే, నీ ద్వారా వచ్చింది కాబట్టి నీ లెక్కలోనే వేస్తాను. కానీ రేపు శుక్రవారం. సాయంత్రం ఐదింటికి ఈ ఏటి పట్టిక మూసేస్తున్నా. ఐదులోపల దరఖాస్తు నంబరు నా కళ్ళపడాలి. ఐదుంపావు అన్నావంటే చుక్కే."

శుక్రవారం అల్లుడు ఫారాలన్నీ తనే నింపాడు. మధ్యాహ్నం సెలవు పెట్టి, ఇరవైరెండు పేజీల కట్టతో రెండింటికల్లా ఇంట్లో ఉన్నాడు. అత్తగారు సంతకం పెట్టగానే ఫొటో తీసి పంపాలి, అవతల లాయరమ్మ బటన్ నొక్కాలి. అంతే పని. అయిదు నిమిషాలు చాలు.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ తీశారు.

"అత్తయ్యగారూ, అదంతా చదవక్కర్లేదండీ. సంతకం ఆఖరి పేజీలో."

"చదవకుండా సంతకమేంటండీ?" అని మొదటి వాక్యం దగ్గర వేలు పెట్టుకున్నారు.

వేలు కదలడం చూస్తూ కూర్చోవడమంటే ఏమిటో ఆ మధ్యాహ్నం అల్లుడికి తెలిసింది. ఒక్కో వరుసకీ వేలు ఆగేది, వెనక్కి వచ్చేది, మళ్ళీ వెళ్ళేది. 'సదరు', 'పైన పేర్కొన్న' అన్న మాటలొచ్చినచోటల్లా ఏ సదరు, ఎక్కడ పేర్కొన్న అని అడిగారు. మూడు దాటింది. మూడో బొమ్మ దగ్గర వేలు పూర్తిగా ఆగిపోయింది.

"ఈ బాణం ఎటు తిరుగుతోంది?"

"అది ఊరికే బొమ్మండీ. ఎటు తిరిగితే ఏం?"

"ఎటు తిరిగితే ఏమా? ఇటు తిరిగితే కుదుపు ముందుకి పడుతుందండీ, వెనక్కి కాదు. ముద్ద విడిపోదు, ఇంకా బిగుసుకుంటుంది. ఈ బొమ్మ చూసి ఎవరైనా మిషను చేస్తే మీ దానికన్నా దూరం నడుస్తుంది."

నిజమే. బొమ్మ గీసింది అల్లుడే. లాయరమ్మకి ఫోన్ చేస్తే ఆవిడ అరగంటలో బాణం తిప్పి పంపింది. ఆ తర్వాత హక్కులు రాసిచ్చే పేజీ. "మీ ఇంజనీర్లు పేటెంటు తెస్తే కంపెనీ ఏమిస్తుందో నాకూ అదే ఇవ్వాలి. అది ఇందులో లేదే," అన్నారు అత్తగారు. అదీ న్యాయమే. లాయరమ్మ ఆ మాటా చేర్చింది. నాలుగు దాటి పది నిమిషాలైంది. అల్లుడు కుర్చీలో కూర్చోలేక, నిలబడలేక, గదిలో నాలుగు మూలలూ కొలిచాడు. చుక్కలాయన రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు.

నాలుగూ నలభైకి ఆఖరి పేజీ వచ్చింది. అత్తగారు పెన్ను మూత తీశారు. అల్లుడు ఫోన్లో కెమెరా తెరిచి పట్టుకున్నాడు. పెన్ను కాగితానికి ఆనబోయి ఆగింది.

"ఇదెవరు రాశారు?"

అల్లుడు వంగి చూశాడు. పేరు ఉంది. వయసు ఉంది. చిరునామా ఉంది. వాటికింద, వృత్తి అన్నచోట, 'గృహిణి' అని ఉంది.

"నేనేనండీ. ఫారంలో అడిగారు. మీరు ఇప్పుడు ఇంట్లోనే కదా ఉంటున్నారు..."

"రెండేళ్ళుగా ఇంట్లో ఉంటున్నాను. అంతకుముందు ముప్పైఒక్క ఏళ్ళు ఎక్కడున్నానండీ?"

"అత్తయ్యగారూ, దాన్ని ఎవరూ చదవరండీ. ఇరవై నిమిషాలే ఉంది. మీరు సంతకం పెట్టెయ్యండి, తర్వాత నేను మార్పిస్తాను."

అత్తగారు పెన్నుకి మూత పెట్టేశారు. ఆ టిక్కుమన్న చప్పుడు అల్లుడి ప్రాణం మీదకి వచ్చింది.

"అయ్యో, ఇంతదాకా వచ్చి ఇప్పుడేంటండీ!" అతని గొంతు అతనికి తెలీకుండానే లేచింది. "ఒక్క మాట! గృహిణి అంటే తప్పేముంది?"

"తప్పని ఎవరన్నారు? మా అమ్మ గృహిణి. నేను కాదు." ఆవిడ గొంతు లేవలేదు, అదే ఇబ్బంది. "మీరు నా పేరు తీసేసి మీ పేరు వేసుకున్నారు. అప్పుడు నేనేమైనా అన్నానా? పేరు లేకపోతే పోనీ, ఎవరో చేశారనుకుంటారు. కానీ పేరు వేసి, పక్కన ఇలా రాస్తే, చదివినవాళ్ళు ఏమనుకుంటారండీ? ఇంట్లో బట్టలు ఆరేసుకుంటుంటే ఈవిడకి ఏదో తట్టిందనుకుంటారు. నాకు తట్టలేదండీ. వార్నిష్ కంపులో కూర్చుని, వేళ్ళు తెగేలా తీగ లాగి, చేసినవి మాడ్చుకుని, తిట్లు తిని నేర్చుకున్నాను. అది మీరు ఒక్క మాటతో లేదనేశారు."

 అల్లుడికి పెళ్ళై ఎనిమిదేళ్ళు. రెండేళ్ళుగా ఆవిడ బాగుచేసిన ఫ్యాను కిందే పడుకుంటున్నాడు. షాపులో మీరేం చేసేవారండీ అని ఒక్కరోజూ అడగలేదు. పావు చుట్టు ఎందుకని మాత్రం వారంపాటు అడిగాడు. ఫారం నింపేటప్పుడు ఆ గడి దగ్గర అతను ఒక్క క్షణం కూడా ఆగలేదు, చెయ్యి దానంతటదే రాసుకుపోయింది. ఆ సంగతి గుర్తొచ్చి అతనికి తనమీద తనకే అసహ్యం వేసింది.

లాయరమ్మకి ఫోన్ చేశాడు. "వృత్తి మార్చాలా? కొట్టివేతలుంటే ఆ ఫారం తీసుకోరండీ," అంది ఆవిడ. "వివరాలు మారితే మళ్ళీ మొదటినుంచి ఎక్కించి, కొత్త ఫారం పుట్టించాలి. ఎంత కొట్టుకున్నా గంట పడుతుంది. అప్పటికి పేటెంట్ ఆఫీసు మూసేస్తారు, నంబరు సోమవారమే. మీకు ఐదింటికి కావాలన్నారు కదా? ఇప్పుడున్నదాని మీద సంతకం పంపితే ఇప్పుడే నొక్కేస్తాను. మీ ఇష్టం."

గడియారం అయిదుకి పన్నెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. అత్తగారు బల్లమీది పాత ఫారం మీద పెన్ను అడ్డంగా పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. బతిమాలితే పెడతారని అల్లుడికి తెలుసు. అల్లుడి ఉద్యోగం కోసం, కూతురి ముఖం చూసి, నోరు మూసుకుని పెట్టేస్తారు. ముప్పైఒక్క ఏళ్ళూ అలాగే గడిపిన మనిషి. అది తెలిసి బతిమాలడానికి అతనికి నోరు రాలేదు.

"మార్చండి మేడమ్," అన్నాడు. "మోటార్ వైండర్ అని రాయండి."

అయిదూ రెండుకి చుక్కలాయన ఫోన్ చేశాడు.

"నంబరేది?"

"రాలేదు సార్. సోమవారం వస్తుంది."

"సోమవారమా? సంతకం ఒక్కటే మిగిలిందన్నావు!"

"ఫారంలో తప్పు రాశాను సార్."

"ఏం తప్పు? పేరా?"

"పేరు సరిగానే రాశాను. ఆవిడెవరో తప్పు రాశాను."

అవతల చుక్కలాయనకి అర్థం కాలేదు, అర్థం చేసుకునే తీరికా లేదు. "చుక్క పెట్టేస్తున్నా," అన్నాడు.

"పెట్టుకోండి సార్." అంతకన్నా గట్టి మాట ఏదైనా అనాలనిపించింది కానీ, ఆయన పట్టిక మీద ఉన్న కోపంలో సగం తనమీదిదే అని తెలిసి ఊరుకున్నాడు.

ఆరింటికి కొత్త ఫారం వచ్చింది. ఇరవైరెండు పేజీలూ కొత్తగా ప్రింటు తీసి, ఆఖరి పేజీ పైన పెట్టి, వేలితో ఆ గడి చూపించాడు. మోటార్ వైండర్. అత్తగారు చదివారు. తల ఊపారు. పెన్ను అందుకున్నారు. కానీ మూత తియ్యలేదు. కట్టని తిరగేసి, మొదటి పేజీ పైకి తెచ్చి, కళ్ళజోడు సర్దుకుని, మొదటి వాక్యం దగ్గర వేలు పెట్టారు.

అల్లుడికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "అత్తయ్యగారూ, మారింది ఆ ఒక్క మాటేనండీ. మిగతాదంతా మధ్యాహ్నం మీరు చదివిందే."

"అని మీరంటున్నారు," అన్నారు అత్తగారు, వేలు తియ్యకుండా. ఆ మాటలో కోపం లేదు, వెటకారమూ లేదు. "ఇంకెక్కడ ఏం రాశారో నాకేం తెలుసండీ?"

 అల్లుడు లైటు వేసి, కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాడు.